రుక్మిణమ్మ ఎత్తిన మూతలు

మొన్న ఆదివారం పొద్దున ఉలవలు ఉడికే వాసన మా బాల్కనీలోకి వచ్చింది. తడిసిన మట్టికీ పశువుల కొట్టానికీ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. నచ్చనివాళ్లు ముక్కు మూసుకుంటారు, నచ్చినవాళ్లు ఉన్నచోటనే నిలబడిపోతారు. నేను నిలబడిపోయాను. చేతిలో కాఫీ చల్లారిపోయింది. తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంటులో సెల్లారు పక్కన వాచ్‌మెన్ గది ఉంది. ఆ గదిలో అతని భార్య వల్లి పొయ్యి మీద ఉలవలు పెట్టింది. ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. పోట్లాడి పెట్టించింది నేనే.

సంగతి ఏమంటే, నెలల తరబడి మొరాయించిన మా లిఫ్టు బాగైంది. ఆ సంతోషంలో అసోసియేషన్ సెక్రటరీ సునీత గారు అందరి ఫోన్లకూ ఒక సందేశం పంపారు. ఆదివారం సెల్లారులో 'పాట్‌లక్' అట, ఫ్లాటుకొక వంటకం అట. కింద ఒక జాబితా కూడా తగిలించారు: నలుగురూ మెచ్చే సులువైన వంటలు. శాండ్‌విచ్చులు, పాస్తా, పుల్లలకు గుచ్చిన పనీరు. చదివేసరికి నాకు ఒళ్లు మండింది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా బెల్లం చుట్టిన కాగితాలూ పాత పుస్తకాల అంగళ్లూ పెట్టిన భిక్ష. అయినా అడుగుతున్నాను, కార్తీకమాసంలో గిన్నెలు మోసుకుని తోపులకు పోయినవాళ్ల మనుమలకు, ఇంటికొక వంట తెచ్చుకుని కలిసి తినడం ఇప్పుడు ఫోను నేర్పాలా?

అది చిన్న కోపం. పెద్ద కోపం ఆఖరి వాక్యం మీద. "వాచ్‌మెన్ కుటుంబం ఏమీ తేనక్కరలేదు, వచ్చి భోజనం చేయవచ్చు" అని రాశారు. దానికింద అందరూ దండాల బొమ్మలు పెట్టారు. నేను మెట్లు దిగి సునీత గారి తలుపు కొట్టాను.

"పాపం, వాళ్లకెందుకు అంకుల్ శ్రమ? ఇంతమందిమి తెస్తున్నాం కదా, హాయిగా వచ్చి తింటారు" అన్నారు ఆమె. మంచి మనసుతోనే అన్నారు. అందుకే నాకు కోపం ఇంకా ఎక్కువైంది.

"అమ్మా, తినేదానికి పిలిచేది వేరు, తెచ్చేదానికి పిలిచేది వేరు."

"తేడా ఏముంది అంకుల్?"

ఆ తేడా నాకు నేర్పిన మనిషిని సునీత గారు చూసి ఉండరు. మీరూ చూసి ఉండరు. ఆమె పేరు రుక్మిణమ్మ.

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నేను మెకానిక్కుగా చేరేనాటికి, కాయలు ఏరే ఆడవాళ్లకు ఆమె మేస్త్రీ. పూతలపట్టు దగ్గర రైతుల ఇంటి మనిషి. ఎత్తుగా ఉండేది, ముక్కుకు రెండువైపులా పుడకలు, దవడలో ఎప్పుడూ ఆకువక్క. ఆమె కేకేస్తే లారీ డ్రైవర్లు హారన్ ఆపేవాళ్లు. మేనేజరు కూడా ఆమెతో మాట్లాడేముందు ఒకసారి గొంతు సవరించుకునేవాడు. కానీ నాకు గుర్తున్నది ఆ గొంతు కాదు. దేన్ని చూసినా "ఇది ఎందుకిట్ల ఉండాది?" అని తల పక్కకు వాల్చే ఆ వాలకం.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. సీజను చివర ఆఖరి ట్రాక్టరు బెంగుళూరా మామిడికాయలు దిమ్మరించి, మిషన్లు కడిగిన రోజున అందరూ ఇంటినుంచి ఒక్కొక్క వంట తెచ్చేవాళ్లు. దాన్ని ఆఖరి బండి బువ్వ అనేవాళ్లం. షెడ్డులో చాపలు పరిచి గిన్నెలు వరసగా పెట్టేవాళ్లం. మేస్త్రమ్మ మొదటి ముద్ద తినేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ మొదటి ముద్ద ఎప్పుడూ వరస మొదట్లో ఉండే చిత్రాన్నంలోనుంచే.

అందరూ తిని చేతులు కడుక్కున్నాక అసలు పని మొదలయ్యేది. రుక్మిణమ్మ వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్క మూత ఎత్తి చూసేది. మొదటి సంవత్సరం నేను నవ్వాను. "ఏమక్కా, మిగిలింది ఇంటికి తీసుకుపోతావా?" అన్నాను.

"నోరు అబద్ధం చెప్తాది అబ్బా. ఎవురినడిగినా బాగుండాదనే అంటారు. గిన్నెనడుగు, అది చెప్తాది."

ఆనాటినుంచి నేనూ వెంట నడిచాను. యంత్రం ఎందుకు ఆగిందో కనుక్కోవడం నా వృత్తి. గిన్నె ఎందుకు ఆగిందో కనుక్కోవడం ఆమె సరదా. అకౌంటెంటు ఇంటినుంచి వచ్చిన నేతి మైసూరుపాకు సగం మిగిలిపోయింది. అంత ఖరీదైన వస్తువు ఎందుకు మిగిలిందో నాకు అంతు పట్టలేదు. "దాన్ని ఎవురైనా ఒకటే తీసుకుంటారు. రెండోదానికి చెయ్యి పెడితే ఆశపోతు అంటారని బయం" అని తేల్చింది ఆమె. అలసంద గుగ్గిళ్లు ఎప్పుడూ ముందే అయిపోయేవి. ఎందుకక్కా అంటే, "నిలబడి తినొచ్చు, ఒక చేత్తో తినొచ్చు. రెండో చెయ్యి మాట్లాడేదానికి కావాల గదా!" అనేది. ఒకామె చిత్తూరునుంచి బస్సులో చారు తెచ్చింది, సగం బస్సే తాగేసింది. "నలుగురి మధ్యకు వచ్చే కూడు గట్టిగా ఉండాల, చల్లారినా రుచి పలకాల, పక్కన ఇంకో గిన్నెను అడగకూడదు." ఇంతే ఆమె వంటశాస్త్రం. ఫోనులో జాబితాలు రాసేవాళ్లు ఇంతకంటే ఏమి చెబుతారో నాకు తెలియదు.

ఆ వరసలో ఒక గిన్నె ఎప్పుడూ ఉండేది కాదు. కాయలు కడిగే తొట్టి దగ్గర చెంగమ్మ అని ఒకామె పనిచేసేది. ఊరి బయట కాలనీ మనిషి. ఆమె కడిగిన కాయల గుజ్జు ఏ దేశాలకో పోయేది, ఆమె చేతి నీళ్లు మాత్రం ఊళ్లో ఎవరూ తాగేవాళ్లు కాదు. ఆఖరి బండి రోజున ఆమెను కూడా పిలిచేవాళ్లు, చాప చివర కూర్చోబెట్టి పెట్టేవాళ్లు. ఒక సంవత్సరం రుక్మిణమ్మ తొట్టి దగ్గరికి పోయి, "మేయ్ చెంగమ్మా, నువ్వేం తెస్తా ఉండావు?" అని అడిగింది.

తొట్టి చుట్టూ ఉన్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. సూపర్‌వైజరు కల్పించుకున్నాడు. "ఆమెకెందుకక్కా కష్టం, వచ్చి తినిపోనీ."

"తినేదానికి పిలిస్తే దానం సామీ. తెమ్మని పిలిస్తేనే మనిషిని లెక్కలో పెట్టుకున్నట్టు. గిన్నె తెచ్చినోళ్లకే ఇంకోళ్ల గిన్నెకు వంక పెట్టే హక్కు."

చెంగమ్మ ఆ సంవత్సరం ఉలవ గుగ్గిళ్లు తెచ్చింది. కొబ్బరి, ఎండుమిరపకాయల తిరగమోత, సన్నగా తరిగిన పచ్చి బెంగుళూరా ముక్కలు. నేను మిషను దగ్గర పని ముగించుకుని వచ్చేసరికి భోజనాలు అయిపోయాయి. రుక్మిణమ్మ వరస చివర నిలబడి ఆ మూత ఎత్తి ఉంది. గిన్నె నిండుగా ఉంది. మీద పరచిన కొత్తిమీర కూడా చెదరలేదు.

ఆమె ఒక పిడికెడు తీసుకుని నమిలింది. నాకూ ఒక పిడికెడు పెట్టింది. "ఉప్పు సరిగ్గా ఉండాది. మెత్తగా ఉడికినాయి. మామిడి తునకలు పంటికి పుల్లగా తగలతా ఉండాయి. మరి ఎందుకు మిగిలినట్టు?"

"ఎందుకో నీకు తెలీదా అక్కా?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"తెలుసు. తెలిసినదాన్ని గూడా అడగాలబ్బా. అడగకపోతే అది అట్లే నిలిచిపోతాది."

మరుసటి సీజనుకు నేనొక ఉపాయం కనిపెట్టాను. అన్ని వంటలూ ఫ్యాక్టరీ స్టీలు బకెట్లలో పోసేస్తే ఏది ఎవరిదో తెలియదు. అందరూ తిని మెచ్చుకున్నాక అప్పుడు చెబుదాం. రుక్మిణమ్మకు ఇది బాగా నచ్చింది, ఏమవుతుందో చూడాలని కళ్లు మెరిశాయి. అయినా "గిన్నె ఆమెది, ఆమెనడగల్ల" అని నన్ను తొట్టి దగ్గరికి తీసుకుపోయింది.

చెంగమ్మ అంతా విని చేతులు తుడుచుకుంది. "వద్దక్కా. తెలియక తినేది నా చేతి కూడు తిన్నట్టు కాదు. తెలిసినాక కక్కినా కక్కుతారు. కక్కేదానికా నేను పొద్దున్నే లేసి ఉడకేసేది? తెలిసి తినేవాళ్లుంటే తింటారు. లేకుంటే ఇంటికాడ నా బిడ్డలుండారు, వాళ్లు తింటారు."

రుక్మిణమ్మ నావైపు తిరిగింది. "విన్నావా మెకానిక్కూ? నీ మిషను ఈడ ఆడదు."

ఆ ఏడు ఆఖరి బండి రోజున ఆకాశం మబ్బు పట్టి ఉంది. మిషన్లు ఆగిన షెడ్డులో మాటలు గట్టిగా వినిపిస్తున్నాయి. గిన్నెలు పరిచారు. అందరి కళ్లూ మేస్త్రమ్మ మొదటి ముద్ద కోసం చిత్రాన్నం వైపు ఉన్నాయి. ఆమె ప్లేటు తీసుకుని చిత్రాన్నం దాటిపోయింది, వడలు దాటిపోయింది, చాప చివరిదాకా పోయి, బోర్లించిన కాయల క్రేటు మీద చెంగమ్మ గిన్నె పక్కన కూర్చుంది.

"పెట్టు మేయ్."

చెంగమ్మ గరిటె తీసుకుంది. రుక్మిణమ్మ తిన్నది. "ఇంకొంచెం పెట్టు" అన్నది. అది కూడా తిన్నది. తొందరేమీ లేదు, ఒక్కొక్క గింజా నములుతోంది. ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరినీ రమ్మనలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. ఆచారం ప్రకారం ఆఖరి బండి బువ్వ ఆ గిన్నెలోనే మొదలైపోయింది. ఇక ఎవరి ఇష్టం వాళ్లది.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ట్రాక్టరు తోలే ముసలాయన ప్లేటు పట్టుకుని లేచాడు. "ఏందక్కా, అంతా నువ్వే తినేస్తావా ఏంది? మాకుండాల్నా వద్దా?" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆయన వెనక నేను పోయాను, నా వెనక ఇంకా కొందరు వచ్చారు. కొందరు రాలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ప్లేట్లు అక్కడే పెట్టి, తినకుండానే బయటికి నడిచారు.

అంతా అయ్యాక ఆమె మూత ఎత్తింది. "సగం" అన్నది.

"సగమేనా!" అన్నాను.

"తక్కువా? పోయినేడు మూత గూడా ఎత్తలేదు గదా. మిగతా సగం ఎప్పుడైతాదో సూడాల."

ఆ సాయంత్రం ఒకే బస్సులో పోయాము. రోజూ ఆమె పక్కన కూర్చునే వాళ్లూరి ఆడవాళ్లు ఆ రోజు వెనక సీట్లకు పోయారు. ఆమె ఖాళీ సీటు మీద తట్టి, "రా అబ్బా, కూర్చో. ఈ పొద్దు సీటంతా మనదే" అన్నది. మాట నవ్వుతూనే ఉంది. ఒళ్లోని గిన్నెను పట్టుకున్న వేళ్లు మాత్రం బిగుసుకుని ఉన్నాయి. పూతలపట్టులో దిగేముందు వెనక్కి తిరిగి వాళ్లను ఒకసారి చూసింది. "ఈ కోపం ఎన్ని దినాలుంటాదో సూస్తాం" అన్నది. వాన ఎన్ని దినాలు పడుతుందో అన్నట్టుగా.

మరుసటి సీజనుకు ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్తవాళ్లు క్యాంటీను పెట్టారు, ఆఖరి బండి బువ్వ ఆగిపోయింది. రుక్మిణమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ మిగతా సగం సంగతి ఆమె చూడలేదు. నేనూ చూడలేదు. పెళ్లిళ్లకు పోయినా, పెద్దదినాలకు పోయినా గిన్నెల మూతలు ఎత్తి చూసే అలవాటు మాత్రం నాకు అంటుకుంది. ముసలాయనకు ఇంకా ఆకలి తీరలేదని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఇదంతా సునీత గారికి వాకిట్లో నిలబడే చెప్పాను. ఆ సాయంత్రం ఆమే వాచ్‌మెన్ గదికి పోయి, "వల్లీ, ఆదివారం నువ్వేం తెస్తావు?" అని అడిగారట. వల్లి నగరి పిల్ల, నోరున్న పిల్ల. నన్ను వచ్చి అడిగితే, ఉలవ గుగ్గిళ్లు చెయ్యమన్నాను. బల్లమీద పెట్టే చీటీ నేనే రాశాను. వాచ్‌మెన్ భార్య అని కాదు. వల్లి అని, పెద్ద అక్షరాలతో.

ఆదివారం మధ్యాహ్నం నా మసాలా బొరుగుల గిన్నె ఒక చేత్తో, మడత కుర్చీ ఒక చేత్తో పట్టుకుని లిఫ్టు ఎక్కాను. కుర్చీ ఎందుకంటే, వల్లి గిన్నె పక్కన వేసుకుని కూర్చోవాలని. ఎవరూ రాకపోతే నేనున్నానని. బాగైన లిఫ్టు రెండో అంతస్తు దగ్గర మళ్లీ ఆగిపోయింది. బిగ్గరగా అరిచాను, తలుపు తట్టాను. కింద పాటలు పెట్టారు, ఎవరికి వినపడుతుంది? ఆ ఇనపపెట్టెలో నిలబడి ఆ నిండు గిన్నెనే తలచుకున్నాను, చెదరని ఆ కొత్తిమీరనే తలచుకున్నాను. సునీత గారిని అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. వాచ్‌మెన్ వచ్చి తలుపు తీసేసరికి నాకు చెమటలు పట్టి ఉన్నాయి.

సెల్లారులోకి పోయేసరికి భోజనాలు సగం అయ్యాయి. బల్ల చివర వల్లి గిన్నె దగ్గర ఎవరో వంగి గరిటెతో అడుగు గీకుతున్నారు. సునీత గారే.

"అది ఎవరిదో తెలుసా అమ్మా?" అన్నాను. పేర్చుకున్న మాటల్లో అదొక్కటే బయటికి వచ్చింది.

"చీటీ రాసింది మీరే కదా అంకుల్" అన్నారు నములుతూనే. తర్వాత పక్కకు తిరిగి, "వల్లీ, ఇంత తక్కువ చేశావేం? వచ్చేసారి దీనికి రెండింతలు తేవాలి" అన్నారు.

"తెస్తా మేడం" అన్నది వల్లి. "మీరు మాత్రం ఆ పాస్తా తేవద్దండి. పెట్టింది పెట్టినట్టే ఉండాది సూడండి, జిగురు మాదిరి."

ముందుగా నవ్వింది సునీత గారే.

నేను పోయి వల్లి గిన్నెలోకి చూశాను. అంచుకు ఒక కొబ్బరి తునక అంటుకుని ఉంది. దాన్ని గోటితో తీసి నోట్లో వేసుకున్నాను.

"ఖాళీ" అన్నాను, పైకే.

తినేదానికి అందులో ఏమీ లేకపోయినా, కుర్చీ విప్పి ఆ గిన్నె పక్కనే వేసుకుని కూర్చున్నాను.