రోడ్డున పరిచిన ఉలవ కట్టె

రోడ్డు మీద పంట పరిచి ఉంటే డ్రైవరు లేవి లారీ దిగేవాడు. చెప్పులు విడిచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా దాని మీద నడిచేవాడు. ఒక అడుగు వేసి, నిలిచి, పాదంతో తడిమి, మరో అడుగు. వెనక బస్సు ఆగి హారను కొట్టినా తల ఎత్తేవాడు కాడు.

కోయిలకుంట్ల చుట్టుపక్కల రైతులకు ఆ రోజుల్లో లారీయే నూర్పిడి ఎద్దు. కాయలతో పీకి ఎండబెట్టిన ఉలవ కట్టె రోడ్డున పరిస్తే చక్రాలు తొక్కి గింజ రాల్చేవి. తొక్కకుండా పక్కకు తప్పుకున్న డ్రైవరుకు తిట్లు పడేవి.

కిందటేడు లేవి దగ్గర బండి నేర్చుకుంటున్న గోపన్న అట్లాగే తొక్కాడు. లైసెన్సు చేతికొచ్చి నెల కాలేదు. ఆ పంట పరిచిన గిడ్డమ్మ చిన్న కొడుకు చలిగాలికి ఆ కట్టెలో దూరి నిద్రపోయి ఉన్నాడు. బండి నేర్పుతూ పక్క సీట్లో లేవి ఉన్నాడు. కాయలు చిట్లే చప్పుడులో మెత్తని చప్పుడు ఒకటి విన్నాడు. గోపన్న మళ్లీ స్టీరింగు పట్టలేదు. లేవి పట్టాడు గాని, ఆ చప్పుడు బండిలోనే ఉండిపోయింది. ఖాళీ రోడ్డు మీద కూడా వినిపించేది.

ఈ ఏడు గోపన్న చోటికి శేషన్న వచ్చాడు. కొత్త లైసెన్సు, నూనె పెట్టి దువ్విన జుట్టు. లేవి సరేనంటే లారీ సొంతదారు సావుకారు అతనికి బండి అప్పగిస్తాడు.

ఆ మధ్యాహ్నం నాపరాళ్ల లోడుతో వస్తున్నారు. ముందు రోడ్డంతా ఉలవ కట్టె. శేషన్న వేగం తగ్గించలేదు.

"ఆపురా!"

"దిగి నడిచేకి ఇదేమన్నా తిరునాళ్లా మామా?"

బండి ఆగేసరికి కట్టె మొత్తం వెనకబడింది. లేవి వెనక్కి పరుగెత్తాడు. రెండు చేతులతో కట్టె చెల్లాచెదురు చేశాడు. గింజలు, దుమ్ము. ఇంకేమీ లేదు.

ఆ పంట ఓబులమ్మది. గట్టున కూర్చుని నవ్వింది.

"ఏమప్పా డ్రైవరూ, బంగారమేమన్నా పోగొట్టుకున్యావా?"

"ఈడ పిల్లోల్లు ఎవరన్నా పండుకున్యారామ్మా?"

"యాడ పండుకుంటారప్పా! అందరూ శేన్లో ఉండారు."

శేషన్న తీరిగ్గా నడిచివచ్చాడు. "చూడు మామా, ఏమన్నా ఉండాదా? నువ్వు ఊరికే బయపడతాండావు. రేపు సావుకారుకు చెప్తావు గదా?"

లేవి చెదిరిన కట్టెను మళ్లీ పరిచాడు. కింద ఏమీ లేకపోవడమే వీడికి ధైర్యం నేర్పింది. సరేనంటే వీడు ఒంటరిగా పోతాడు. కాదంటే ఇంకొకరి బండి ఎక్కుతాడు. ఎటు పోయినా ఎక్కడో ఒకచోట ఉలవ కట్టె పరిచే ఉంటుంది.

మరునాడు పొద్దున లేవి శేషన్నను అదే చోటికి తీసుకొచ్చాడు. ఇంజిను ఆపించి, స్టీరింగు ముందే కూర్చోమన్నాడు. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో చూడమన్నాడు. తాను దిగి, రోడ్డు మధ్యకు నడిచి, కంకర మీద వెల్లకిలా పడుకున్నాడు. పైన కట్టె వేయమని ఓబులమ్మను అడిగాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు. తర్వాత కాళ్ల మీద వేసింది, రొమ్ము మీద వేసింది.

ముఖం కూడా కప్పమన్నాడు.