వాకిళ్ళ ముందు నిండు కడవలు

కంబదూరు దగ్గరి ఆ ఊరికి నేను కోడలిగా వెళ్ళేనాటికే ఉన్న ఒక్క బావీ ఎండిపోయింది. రెండు మైళ్ళు నడిచి, వంకలో ఇసుక తోడి, గుంతలో ఊరిన నీళ్ళను ముంతతో కడవకెత్తుకోవాలి. వంకకు అడ్డంగా కుంట కట్టిస్తే ఊరి బావిలో ఊట పడుతుందని మా మామ సర్కారుకు అర్జీ పెట్టాడు. మూడేళ్ళకు, చోటు చూసి మంజూరు చేయడానికి ఇంజనీరు వస్తాడని కబురొచ్చింది. అప్పటికి నాకు ఐదో నెల. నా బిడ్డ నడిచేనాటికైనా ఆ బావిలో నీళ్ళు చూస్తానని ఆశపడ్డాను.

మామకు శకునాల పిచ్చి. మంచి పని మీద వచ్చే మనిషికి ఖాళీ కడవ ఎదురు రాకూడదట. ఇంజనీరు వచ్చే రోజు ప్రతి వాకిలి ముందూ పసుపు రాసిన నిండు కడవ ఉండాలని ఊళ్ళో చాటించాడు. కడవలు ఖాళీగా ఉంటేనే కదా మన కష్టం ఆయనకు తెలిసేది అని అత్తతో అన్నాను. ఆమె వెళ్ళి మామ చెవిన వేసింది. నిన్నగాక మొన్న వచ్చినదానికి ఊరి సంగతులెందుకని చీవాట్లు పడ్డాయి. నోరు మూసుకుని రెండు రోజులు ఆడవాళ్ళతో కలిసి నీళ్ళు మోశాను. నడుం విరిగినంత పనైంది.

ఇంజనీరు జీపు దిగి మా వాకిట్లో కాళ్ళూ మొహమూ కడుక్కున్నాడు. ఒక కడవ ఆయనకే సరిపోయింది. వీధి పొడుగునా ఉన్న కడవల్ని తీరిగ్గా చూశాడు. వంక దాకా రమ్మని మామ బతిమాలితే ఎండ ఎక్కువగా ఉందన్నాడు. బావిలోకి తొంగి కూడా చూడలేదు. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండు నెలలకు కాగితం వచ్చింది. కరణం మా అరుగు మీద కూర్చుని చదివాడు. ఊళ్ళో ఇంటింటా నీళ్ళు సమృద్ధిగా ఉన్నాయి కాబట్టి కుంట అవసరం లేదని రాశారు. మామ చాలాసేపు ఆలోచించాడు.

"శకునం బాగానే కుదిరిండె గదప్పా. ఆ పొద్దు ఎవురో తుమ్మింటారు."

అంతవరకూ నేను మామ ఎదుట నిలబడి మాట్లాడి ఎరగను. లోపలికి వెళ్ళి కడవా ముంతా తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

"మామా, రేపట్నించి నీళ్ళకు నువ్వే పో. నాకింక చేతగాదు."

కరణం కాగితం మడిచి ఇచ్చి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మామ భుజాన ఖాళీ కడవతో వీధిలోకి దిగాడు. ఎదురొచ్చినవాళ్ళు మొహం తిప్పుకుని పక్కకు తప్పుకున్నారు. నేను వాకిట్లో నిలబడి అంతా చూశాను. నాకు జాలి వేయలేదు.