లోపలి నుంచి వేసిన వల

మదనపల్లెలో ఒక చిన్న ఆసుపత్రిలో థియేటర్ నర్సుగా చేరిన రెండో ఏడు, ల్యాపరోస్కోపీ ఆపరేషన్లలో కెమెరా పట్టుకునే పని నాకు అప్పగించారు. మా సర్జన్ కుప్పం ఆవిడ. యాభై దాటాయి. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

ఒకరోజు పుంగనూరు నుంచి ఒకాయన వచ్చాడు. టమాట మండీలో బాక్సులు మోసే మనిషి. కుడి గజ్జలో హెర్నియా. కొన్నేళ్ల కిందట ఇంకెక్కడో కోసి కుట్టించుకున్నా మళ్లీ ఉబ్బింది. పంచె కింద తువ్వాలు బిగించి కట్టుకుని, ఆ నొప్పితోనే బరువులెత్తుతూ వచ్చాడట.

"ఒకసారి కోసిందే నిలబళ్లేదు. మళ్లీ కొయ్యడం యాల మేడమ్?" అన్నాడు.

"ఆ పాత కోత పక్క నేను ముట్టుకోనప్పా. ఆడంతా పాత కుట్లతో గట్టిపడిపోయుంటాది. మూడు చిన్న రంధ్రాలు పెట్టి లోపలి నుంచి పోతా. గోనెసంచి చిరిగితే లోపలి పక్క గుడ్డ పెట్టినామనుకో, సంచిలో సరుకే ఆ గుడ్డను అదిమి పట్టుకుంటాది కదా? అట్లనే సన్నటి వల పెడతా."

ఆయన "అది బాగుండాది" అన్నాడు.

మత్తిచ్చి, పొట్టలోకి గ్యాస్ నింపి, బొడ్డు దగ్గర రంధ్రంలోంచి కెమెరా పంపారు. లోపలి పొరను తెరిచాక తెలిసింది, హెర్నియా తిత్తి వీర్యనాళానికి గట్టిగా అతుక్కుపోయిందని. దాని పక్కనే కాలికి వెళ్లే పెద్ద రక్తనాళం కొట్టుకుంటోంది. నా చేతిలో కెమెరా కదిలింది. తెర మీద బొమ్మంతా ఊగింది.

ఆవిడ పనిముట్లు ఆపింది. "ఊపిరి వదులమ్మా. మోచెయ్యి ఒంటికి ఆనించుకో. నువ్వు సూపించిందే నేను సూసేది."

బొమ్మ నిలబడ్డాక మొదలుపెట్టింది. తడిసిన కాగితాన్ని కాగితం నుంచి విడదీసినట్టు ఆ తిత్తిని కొంచెం కొంచెంగా వేరుచేసింది. మత్తు డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆవిడ చూడలేదు. చుట్టి పంపిన వలను లోపల విప్పి, ముడత లేకుండా పరిచింది. రక్తనాళం దగ్గర వలను బిగించే పిన్ను ఒక్కటి కూడా కొట్టలేదు. పైన పొరను మూసి, తెరనే చూస్తూ కుట్టేసింది. మా అమ్మ రవికె కుట్టినా అంత సమంగా కుట్టు పడేది కాదు.

ఆ సాయంత్రమే ఆయన లేచి నడిచాడు. పొట్ట మీది మూడు చిన్న పట్టీలు చూసుకుని, "నిజంగా చేసినారా అమ్మా, లేకుంటే మత్తిచ్చి పంపిస్తాండారా?" అని నన్నడిగాడు. ఆరు వారాల తర్వాత వచ్చినప్పుడు ఆవిడ ఆయన గజ్జ మీద వేళ్లు పెట్టి దగ్గించింది. ఏమీ ఉబ్బలేదు. "ఇంక బరువులు ఎత్తుకోప్పా. మొదట్లో తేలికవి" అంది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

ఆయన వెళ్లాక, ఆరోజు నాకెంత భయమేసిందో ఆవిడతో చెప్పాను.

"నాకూ ఏసిందమ్మా. అందుకే అంత నిదానంగా చేసినా" అంది, చేతులు కడుక్కుంటూ.