ఎర్ర పెన్ను

మెడిసిన్ పిల్లలకు డాక్టర్ స్నేహలత ఎర్ర పెన్నంటే హడల్. మందుచీటీలో ఒక్క అక్షరం అర్థం కాకపోయినా అడ్డంగా కొట్టేసి, కళ్లద్దాలు నుదుటిపైకి నెట్టి, "మళ్లీ రాయి" అంటుంది. తన చీటీలు మాత్రం అచ్చు గుద్దినట్టుంటాయి. ఆ రోజు మర్రిగూడ నుంచి గొర్రెల కాపరి కురుమయ్య అదే దగ్గుతో నాలుగోసారి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఘాటైన మందుకు మారుస్తూ వచ్చిన ఆమె, ఈసారి ఇంకా పెద్ద మందే రాసింది. పక్కనున్న విద్యార్థిని యాస్మిన్ ఊరికే అడిగింది: "తాతా, గోలీలన్నీ మింగినవా?"

"రెండు దినాలు మింగిన బిడ్డా. జర తగ్గంగనే మిగిలినయి దగ్గే గొర్రెలకు ఏసిన. నేనొక్కణ్ణి బాగైతే సరిపోతదా?"

స్నేహలత కళ్లద్దాలు నుదుటిపైకి నెట్టింది. మూడుసార్లలో ఒక్కసారీ తను ఆ మాట అడగలేదు. ఎర్ర పెన్ను తీసి, అచ్చు గుద్దినట్టున్న తన చీటీనే అడ్డంగా కొట్టేసింది.