సుక్రా తెచ్చిన కోడి

1926 చలికాలం. అడవి శాఖ దొర డుంబ్రిగుడ దగ్గర క్యాంపు వేశాడు. నేను ఆయనకు ఇంటర్‌ప్రెటరుని, అంటే దుబాసీని. దొర మాటను తెలుగులోను, కొండవాళ్ల మాటను ఇంగ్లీషులోను చెప్పడం నా ఉద్యోగం.

దుబాసీకి కష్టమైనవి చట్టం మాటలు కావు, నుడికారాలు. మనిషి బుద్ధి మార్చుకోవాలని చెప్పడానికే ఇంగ్లీషువాళ్లకు ఎన్నో ఉన్నాయి. ‘మెండ్ యువర్ వేస్’ అంటే నడిచే తీరు బాగుచేసుకో అని. ‘పుల్ అప్ యువర్ సాక్స్’ అంటే జారిన మేజోళ్లు పైకి లాక్కో, అనగా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి అని. ‘టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్’ అంటే కొత్త పేజీ తిప్పు, పాతది వదిలెయ్యి అని. ఇవన్నీ నాకు కంఠస్థం. దొర ఒకటి అనగానే మరొకటి అందించి మెప్పు పొందేవాణ్ణి.

ఆ మెప్పుకు అప్పలనాయుడు అడ్డొచ్చాడు. పార్వతీపురం వైపువాడు, కొత్తగా చేరిన రెండో దుబాసీ. ఇంగ్లీషు అంతంతమాత్రం. అయితే కొండవాళ్ల అరుగుల మీద కూర్చుని వాళ్లతో జావ తాగేవాడు. అతను మాట్లాడితే వాళ్లు నవ్వేవారు, నేను మాట్లాడితే తల వంచుకునేవారు. దొర కూడా “నాయుడిని పిలు” అనడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఒంటికి కారం రాసినట్టుండేది.

సుక్రా ఫారెస్టు వాచరు, అంటే అడవి కాపలావాడు. సర్కారు అడవిలో తన ఊరివాళ్లు చెట్లు కొట్టి పోడు చేసుకుంటుంటే చూసీచూడనట్టు ఊరుకున్నాడు. విచారణలో ఒప్పుకున్నాడు. దొర చాలాసేపు కసిరి, చివరికి మెత్తబడి, ఉద్యోగం ఉంచుతున్నాను, కొత్త పేజీ తిప్పమన్నాడు. నేను నోరు తెరిచేలోగా నాయుడు అందుకున్నాడు.

“దొర మాపు సేసినాడు సుక్రా. కలిసి తినీసినట్టే అనుకో. ఇంక ఆ మాట ఎవుడూ ఎత్తడు.”

“తినీసినట్టే అంటే ఎలాగ బాబూ? తినాల గదా!”

అందరూ నవ్వారు. ఆ కొండల్లో తప్పు చేసినవాడు కోడి, బియ్యం పట్టుకెళ్లి, క్షమించినవాడితో కలిసి తింటాడు. తినకపోతే క్షమించనట్టే.

మర్నాడు ఉదయం నాయుడు సంతకు వెళ్లాడు. సుక్రా ఉతికిన పంచె కట్టుకుని, కోడితో, సామబియ్యం మూటతో డేరా ముందుకు వచ్చాడు.

“బేగి వండిద్దారని పెందలాడే వచ్చినాను బాబూ.”

ఇదేమిటని దొర నన్ను అడిగాడు. ఆ ఆచారం నాకు తెలుసు. రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ, ఇది నాయుడి మాట వల్ల వచ్చిన కోడి.

“తమకు కానుక తెచ్చాడు, సార్,” అన్నాను.

అబద్ధం కాదు. విచారణ జరిగిన మర్నాడే తెచ్చిన కానుకను దొర ఏమనుకుంటాడో కూడా నాకు తెలుసు. ఆయన ముఖం ఎర్రబడింది. లంచమా అని అరిచి, సుక్రా నడుముకున్న కాపలా ఉద్యోగపు ఇత్తడి బిళ్ళ విప్పించాడు.

“దొర తినడేటి బాబూ?” సుక్రా నావైపు తిరిగాడు. “నిన్న మాపు సేసినాడు గదా. మల్లీ నానేటి సేసినాను?”

“నాయుడినే అడుగు,” అన్నాను.

బర్తరఫు కాగితం మధ్యాహ్నం టపాలో వెళ్లాలి. అప్పటిదాకా డేరాలోకి వెళ్లి ఒక్కమాట చెబితే అది ఆగేది. టపా మనిషి కొండ దిగేదాకా చూస్తూ కూర్చున్నాను.

సంత నుంచి వచ్చిన నాయుడు సంగతి విని దొర దగ్గరకు పరుగెత్తాడు. దొర అంతా విని, పైవాళ్లకు వెళ్లిన కాగితం వెనక్కి తేలేనన్నాడు. నాయుడు బయటికొచ్చాడు.

“ఆ సంగతి మీకు తెల్దేటి గురువుగారూ?”

“తెలుసు.”

ఆ తర్వాత అతను నన్ను ఎన్నడూ గురువుగారూ అని పిలవలేదు. సుక్రాకు ఉద్యోగం తిరిగి రాలేదు.

నేను వల్లించిన ఇంగ్లీషు నుడికారాలన్నిటిలోనూ బాగుపడేవాడు ఒంటరిగా బాగుపడతాడు. కొండవాళ్లకు అలా కాదు. అవతలివాడు కూడా పక్కన కూర్చుని తినాలి. సుక్రా అందుకు సిద్ధపడే వచ్చాడు. చెబితే దొర కూడా కూర్చునేవాడేమో. వాళ్లిద్దరినీ కలపడానికే జీతం తీసుకుంటున్న నేను, నాయుడి మీద కుళ్లుతో మధ్యలో అడ్డంగా నిలబడ్డాను.