పాలారిన కొమ్మ

మా నాన్న రెండో భార్యతో నేను పదమూడేళ్ళు నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. ఉన్నమాట. ఒకే వంటింట్లో అన్నం తింటూ, "నాన్నా, పులుసులో ఉప్పెక్కువైందని చెప్పు" అనేదాన్ని. ఆవిడేం తక్కువ తినలేదు. "అయితే వదిలెయ్యమని చెప్పండి" అనేది. మధ్యలో మా నాన్నది పోస్టుమాన్ ఉద్యోగం. పోనీ మంచి పోస్టుమానా అంటే అదీ కాదు. గొడవొస్తుందేమోనని సగం ఉత్తరం చింపేసి మిగతా సగం అందించే రకం.

నిజానికి ఆయన బాపట్లలో ఒక మిషన్ స్కూల్లో టీచరు. స్కూలు వెనకాలే మా క్వార్టర్సు. రెండు గదులు, వెనక వరండా, ఆ వెనక ఇసుక దొడ్డి. దొడ్లో బట్టలుతికే బండ పక్కన మా అమ్మ నాటిన దేవగన్నేరు ఉండేది. తెల్లటి పువ్వు, నడుమ పసుపు. అమ్మ దానికి ఎరువు వెయ్యడం, పాదు చెయ్యడం నేను చూడలేదు. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు రాలిన పువ్వుల్లో నలగనివి రెండు ఏరి బైబిల్లో పెట్టుకునేది. నేను పదో తరగతిలో ఉండగా కామెర్లొచ్చి పోయింది. ఆ రెండు పువ్వులూ ఎండి గోధుమరంగు మరకలై ఇంకా ఆ పేజీల్లోనే ఉన్నాయి.

అమ్మ పోయి ఏడాది తిరక్కుండానే నాన్న ఈపురుపాలెం నుంచి ఆవిణ్ణి చేసుకొచ్చాడు. నేతపనివాళ్ళ ఇంటి మనిషి, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. "పిన్ని అని పిలువమ్మా" అన్నాడు నాన్న. నేను పిలవలేదు. మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటూ చూస్తుండగా ఆవిడ కొబ్బరి చీపురుతో చెట్టు కింద పువ్వులన్నీ ఒక్క ఊపున ఊడ్చేసి, చెత్తతో కలిపి గోడవతల పారబోసింది. నలగనివి కూడా. ఆ రోజుతో నా నోరు మూతపడింది. ఇప్పుడు తలుచుకుంటే, దొడ్డి ఊడిస్తే పువ్వులు చెత్తలోకి పోకుండా ఎక్కడికి పోతాయి? కానీ పదిహేనేళ్ళ పిల్లకి న్యాయం అక్కర్లేదు. ద్వేషించడానికి ఒక చీపురు చాలు.

ఎనభై నాలుగులో పెళ్ళయి తెనాలి వచ్చాను. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. మార్కెట్టు వెనక సందులో అద్దె ఇల్లు, వెనక నాలుగు మూరల దొడ్డి. ఇల్లు కుదిరినప్పుడే అమ్మ చెట్టు కొమ్మ ఒకటి తెచ్చుకోవాలనుకున్నాను. నాన్న ఇంకో ఆరేడేళ్ళలో రిటైరవుతాడు. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. చెట్టున్న చోట స్కూలువాళ్ళు గదులు కడతారని అప్పటికే అనుకుంటున్నారు. ఈలోగా దాని కొమ్మ ఒకటి ఎక్కడో ఒకచోట వేరు పట్టకపోతే, బైబిల్లో ఆ రెండు మరకలు తప్ప మా అమ్మ చేతిది ఇంకేమీ మిగలదు. నాకున్న బెంగ అదొక్కటే.

క్రిస్మస్ సెలవులకి వస్తున్నాననీ, కొమ్మ కావాలనీ నాన్నకి కార్డు రాశాను. వెళ్ళేసరికి వెనక వరండాలో, ఎండ పడని మూల, గోడకి ఆనించి ఒక కట్టె ఉంది. ఆకు లేదు. తొక్క ముడతలు పడి, అడుగు గట్టిపడి నల్లగా అయింది. "నువ్వు రాశావని పిన్ని ముందే కోసి ఉంచిందమ్మా" అన్నాడు నాన్న సంతోషంగా.

నా ఒళ్ళు మండిపోయింది. అంత చెట్టుండగా నాకు దక్కేది ఎండిపోయిన కట్టెముక్కా? "పొయ్యిలో పెట్టుకోమని చెప్పు నాన్నా" అని దాన్ని తీసుకెళ్ళి కట్టెల్లో విసిరేశాను. కొడవలి తీసుకుని నేనే చెట్టు దగ్గరికి వెళ్ళి, లేతగా పచ్చగా ఉన్న కొమ్మ చూసి కోశాను. పాలు ధారగా కారి మోచేతిదాకా అంటుకున్నాయి. అంత పాలున్న కొమ్మ బతక్కపోతే ఇంకేది బతుకుతుందని పొంగిపోయాను.

వంటింటి గుమ్మంలోంచి ఆవిడ అంది, "అది ఇప్పుడు నాటొద్దని చెప్పండి. పాలు..."

"ఇప్పుడు వద్దంటోందమ్మా" అన్నాడు నాన్న. తక్కినది ఆయన అలవాటు చొప్పున మింగేశాడు. మింగకపోయినా వినేదాన్ని కాదు.

"మా అమ్మ చెట్టు నేను ముట్టుకోడానికి ఆవిడ పర్మిషన్ ఏంటి?" అన్నాను.

తడిగోనె చుట్టి పాసింజరులో తెనాలి తెచ్చాను. మాగాణి మట్టి, నల్లగా వెన్నముద్దలా ఉంటుంది, ఏం పెట్టినా పండే నేల. లోతుగా గుంట తీసి, పెంటెరువు వేసి నాటాను. రెండు పూటలా నీళ్ళు పోశాను. ఇంటివాళ్ళావిడ వచ్చి, "సమాధుల దొడ్లో చెట్టు మా ఇంట్లో ఎందుకమ్మా?" అంది. "మీ గుళ్ళో కూడా ఉందిగా పిన్నిగారూ, వెళ్ళడం మానేశారా?" అన్నాను. ఊరందరికీ పిన్నిగారూ అనగలిగేదాన్ని, ఆ ఒక్క మనిషికి తప్ప.

నెల తిరిగేసరికి కొసన రెండాకులు విచ్చుకున్నాయి. మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఇంకో పదిహేను రోజులకి ఆకులు వేలాడిపోయాయి. కొమ్మ నొక్కితే మగ్గిన అరటిపండులా వేలు దిగబడింది. పీకితే అడుగంతా కుళ్ళు కంపు.

రెండోసారి వానాకాలంలో వెళ్ళాను. చెట్లు నాటేది వానల్లోనే కదా. ఆవిడ మళ్ళీ అలాంటి కట్టే సిద్ధం చేసింది, ఈసారి న్యూసు పేపరు చుట్టి, పురికొస కట్టి. మర్యాద కూడా నేర్చిందే అనుకున్నాను. దాన్ని నాన్న మంచం కింద వదిలేసి, మళ్ళీ పచ్చి కొమ్మ కోసుకొచ్చాను. దానికి ఆకులైనా రాలేదు. మూడోసారి ఎనభై ఎనిమిది వేసవిలో. ఈసారి నేను ఒప్పుకోనని తెలిసి, రైలెక్కేముందు నాకు తెలీకుండా ఆ కట్టెని నా బుట్టలో చీరల మధ్య దూర్చింది. నిడుబ్రోలు దాటాక దువ్వెన కోసం చెయ్యి పెడితే తగిలింది. పెట్టెలో జనమంతా చూస్తుండగా కిటికీలోంచి పొలాల్లోకి విసిరేశాను. నా పచ్చి కొమ్మ ఒళ్ళో ఉంది. అదీ నెలన్నరకి కుళ్ళింది.

మూడోది కుళ్ళిన రోజున నాన్నకి ఉత్తరం రాశాను. కార్డు కాదు, కవరు. ఆ మనిషి ఏడుపు తగిలే నా కొమ్మలు బతకడం లేదని రాశాను. మా అమ్మ మంచం, మా అమ్మ గిన్నెలు, మా అమ్మ మొగుడు అన్నీ దక్కాయి, ఇక చెట్టు కూడా నాకు దక్కకుండా చేస్తోందని రాశాను. పిల్లలు పుట్టని మనిషికి మొక్క విలువేం తెలుస్తుందని కూడా రాశాను. నెల రోజులు జవాబు రాలేదు. వచ్చిన కార్డులో కంటి ఆపరేషను బాగా జరిగింది, దిగులుపడవద్దు అని మాత్రం ఉంది.

తొంభైలో మా ఆయనకి రేపల్లె బదిలీ అయింది. మా పక్కింట్లో ఒక ముసలి ముస్లిం మామ్మ ఒంటరిగా ఉండేది. రోజూ పొద్దున వెళ్ళి వాళ్ళ సమాధుల దొడ్డి ఊడ్చి వచ్చేది. ఆ దొడ్లో పది దేవగన్నేరు చెట్లు, ఎర్రవి, తెల్లవి, విరగబూసేవి. ఒకరోజు పంచదారకని ఆవిడ ఇంటికి వెళ్తే, వరండాలో నీడన, గోడకి ఆనించి, ముడతలు పడిన కట్టెలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అడుగులు నల్లగా గట్టిపడి.

"ఇవేంటి మామ్మా, పొయ్యిలోకా?"

"పొయ్యిలోకేంటమ్మా! నాటడానికి" అంది. "దేవగన్నేరు కోసినరోజు నాటకూడదు. పాలు కారే కొమ్మని మట్టిలో పెడితే కుళ్ళక ఏం చేస్తుంది? పదిహేను రోజులు నీడన పెట్టాలి. పాలారిపోయి, అడుగున పెచ్చు కట్టి, తొక్క ముడత పడాలి. అప్పుడు ఇసకలో నాలుగువేళ్ళ లోతు గుచ్చి వదిలెయ్యడమే. ఆకొచ్చేదాకా చుక్క నీళ్ళు పొయ్యకూడదు. వేసవిలో పెడితే మరీ మంచిది. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు కదమ్మా."

పంచదార తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను.

పశ్చాత్తాపం వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. కోపం వచ్చింది. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని ఆవిడ మీద, సగం మింగేసినందుకు నాన్న మీద, తెలిసిన సంగతి ఇంత ఆలస్యంగా చెప్పినందుకు పాపం ఆ మామ్మ మీద కూడా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరినీ తిట్టుకున్నాక, చివరికి తిట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. బాపట్లలో ఆవిడ మూడుసార్లు, అడిగింది అడిగినట్టు, నాటడానికి సిద్ధం చేసి మరీ ఇచ్చింది. మొదటిది పొయ్యి కట్టెల్లోకి, రెండోది మంచం కిందికి, మూడోది నిడుబ్రోలు పొలాల్లోకి పోయాయి.

వేసవి సెలవులకి బాపట్ల వెళ్ళి ఈసారి ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చుకుందామనుకున్నాను. ఈలోగా నాన్న కార్డు వచ్చింది. రిటైరయ్యాననీ, క్వార్టర్సు శనివారానికి ఖాళీ చేసి ఈపురుపాలెం వెళ్తున్నామనీ. కింద ఒక్క ముక్క ఉంది. దొడ్లో చెట్టు కొట్టేశారు.

శుక్రవారం మధ్యాహ్నానికి చేరాను. దొడ్లో మొద్దు కూడా లేదు, పునాది గుంటలు తవ్వి ఉన్నాయి. కొట్టేసిన కొమ్మలేవని అడిగితే పనివాళ్ళు లారీలో వెళ్ళిపోయాయన్నారు. నాన్న ఆపరేషన్నాటి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మూటల మధ్య కుర్చీలో కూర్చున్నాడు. వరండా మూల చూశాను. ఖాళీ. ఆవిడ వంటింట్లో గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. ఆ సంచి పక్కన, గోడకి ఆనించి, ఒకే ఒక్క కట్టె ఉంది. ముడతలు పడి, పాలారి, మంచి లావుగా.

నాన్నవైపు తిరిగి "చెప్పు" అనబోయాను. ఆయన కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. పదమూడేళ్ళ తరవాత గుమ్మంలో నిలబడి ఆవిడతోనే అన్నాను.

"ఆ కొమ్మ నాకు కావాలి."

ఆవిడ తల ఎత్తలేదు. "ఇప్పటికి ఎన్నిచ్చాను?"

"మూడు."

"ఒకటి కట్టెల్లో పడేశావు. ఒకటి మంచం కింద వదిలేసి పోయావు. మూడోది ఏం చేశావు?"

"రైల్లోంచి పారేశాను."

ఆవిడ గిన్నె సంచిలో పెట్టి, నా మొహంలోకి చూసింది. "ఇది నాది. నా ఏడుపు తగిలితే నీ మొక్కలు బతకవుగా, ఇంక నా చేతి కొమ్మెందుకు నీకు?"

అప్పుడు మళ్ళీ చూశాను నాన్న నల్లకళ్ళద్దాలవైపు. నా ఉత్తరం చేరేసరికి కంటి ఆపరేషనయ్యి కట్టు కట్టుకున్న మనిషికి దాన్ని చదివి వినిపించింది ఎవరు? కవరు చింపి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, మొగుడూ మంచమూ గిన్నెలూ, పిల్లలు పుట్టకపోవడమూ, అన్నీ ఆవిడే పైకి చదివింది. ఆ ఒక్క ఉత్తరంలో మా పోస్టుమాన్ ఏదీ మింగడానికి వీల్లేకపోయింది.

క్షమించమని అడగాలని తెలుసు. అడగలేదు. ఆవిడ కూడా ఎదురుచూడలేదు. మర్నాడు ఆ కొమ్మని వ్యానులో సామాన్లతో పెట్టనివ్వకుండా, ఒళ్ళో పెట్టుకుని ఈపురుపాలెం వెళ్ళిపోయింది.

అది బతికింది. నాన్నని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. నాలుగో ఏడు గుమ్మం ఎత్తు దాటి పూసింది. అదే తెలుపు, అదే పసుపు. ఆవిడ పొద్దున్నే కొబ్బరి చీపురుతో చెట్టు కింద ఊడ్చేది. నేనున్న రోజు కూడా నలగనివీ నలిగినవీ అన్నీ కలిపి ఊడ్చేది. నేను చూస్తున్నానని తెలిసే ఊడ్చేదని నా నమ్మకం. కొమ్మ అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఇస్తానని ఆవిడా అనలేదు.

రేపల్లెలో మా గుమ్మం పక్కన ఉన్నది మామ్మ ఇచ్చిన ఎర్రది. బాగా పెరిగింది. వీధిలో వాళ్ళు "మీ చేతివాసి మంచిదండి" అంటూ కొమ్మలు అడిగేవారు. కోసి, పదిహేను రోజులు నీడన పెట్టి, పాలారాకే ఇచ్చేదాన్ని. ఎండిపోయినట్టుందేంటండి అని ఎవరైనా మొహం చిట్లిస్తే నాకు ఒళ్ళు మండేది. ఇది ఇలాగే ఇవ్వాలని కసురుకునేదాన్ని. ఎవరు నేర్పారండి అని అడిగేవారు.

"మా పిన్ని" అనేదాన్ని. ఆవిడ ఎదుట మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.