పన్నెండో ఆజర్ నాడు పుట్టిన పిల్ల

ఐలవ్వ ఆనాడు కరీంనగర్ పోయింది గ్రామసేవిక కావాలనా, భీవండి పోవద్దనా? అరవై ఏండ్ల పైబడి ఈ ప్రశ్న నా దగ్గరే ఉన్నది. మనుషుల మనసుల గురించి రాసిన పుస్తకాలు ఎన్నో చదివిన. ఒక్క పద్దెనిమిదేండ్ల పిల్ల మనసు మాత్రం తేల్చుకోలేకపోయిన. ఒకసారి ఆమెనే అడిగిన. ఏం చెప్పిందో తర్వాత చెప్త. అది జవాబో కాదో మీరే చూడుండ్రి.

మా ఊరు మెట్‌పల్లికి మూడు కోసుల దూరం. ఐలవ్వ వాళ్లది సాలోళ్ల వాడ. తండ్రి పర్శరాములుది గుంట మగ్గం, నేలల తీసిన గుంటల కాళ్లు పెట్టి కూసోని నేసేది. తల్లి సత్తమ్మ రాట్నం ముంగట కండెలు చుట్టేది. మాది కిరాణం దుకాణం. వాడలు వేరైనా బడి ఒక్కటే. మాతోని చేరిన ఆడపిల్లలు ఒక్కొక్కరే మానుకుంట పోతే చివరికి మేమిద్దరం మిగిలినం.

మేము చేరింది నిజాం జమానాల. చదువు ఉర్దూల, బడి రిజిస్టరుల తారీఖులు ఫస్లీల. ఫస్లీ అంటే అప్పటి సర్కారు సంవత్సరం. అక్టోబరుల, ఆజర్ అనే నెలతోని మొదలయ్యేది. నన్ను చేర్పించిన నాడు పుట్టిన తేదీ అడిగితే మా బాపు "ఏదో ఒకటి ఏసుకోండ్రి సాబ్, బతికుంటే చాలు" అన్నడట. సగం బడి పిల్లలకు అట్లనే ఒక్కటే తేదీ, మిగిలినోళ్లకు నోటికొచ్చింది. సత్తమ్మ మాత్రం రాట్నం విడిచి తానే వచ్చి గట్టిగ చెప్పింది: "దసరా ఎల్లిన మూడోనాడు, పొద్దు గూకంగ. మా ఆయన చీర కొంగు నేస్తుండె. ఏ చీరో గూడ చెప్పాల్నా?" మౌల్వీ సాబ్ నవ్వి, పాత జంత్రీ పంచాంగం తీసి లెక్క చూసి రాసిండు: పన్నెండు ఆజర్, పదమూడు వందల నలభై ఏడు. బడి మొత్తంల నిజమైన పుట్టినరోజు ఆ పిల్లదొక్కతెదే.

ఉర్దూల ఐలవ్వను మించినోళ్లు లేరు. నాలుగో తరగతిల ఉండంగ పోలీస్ యాక్షన్ అయింది. రెండేండ్లు బడి మూతపడ్డది. మళ్ల తెరిచేసరికి మౌల్వీ సాబ్ లేడు, ఉర్దూ లేదు. తరగతి అదే, అక్షరాలు మాత్రం తెలుగుల మళ్ల మొదటికెల్లి. "ఏందే ఐలవ్వా, నీ అలీఫ్ బే గంగల కలిసిపాయె" అని మగపిల్లలు ఎక్కిరించిండ్రు. ఐలవ్వ నాతోని అన్నది: "నాలుగేండ్లు నేర్చింది ఒక్క పొద్దుల ఉత్తదైపాయె. రేపు ఇది గూడ ఉత్తదైతే?"

ఆ మాట ఆమెను విడువలేదు. ఏడో తరగతి పాసైనంక గూడ ఏం చేద్దామన్నా అదే మాట. సాలోళ్ల వాడల పొద్దున్నే పడుగు దారాలు వీధి పొడుగునా సాగదీసి గంజి పట్టిస్తరు. ఆమె కుంచె పట్టుకోని ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంటే నేను పక్కన నడిచేదాన్ని.

"పంతులమ్మవు గారాదె?"

"ఏమో."

"మరి ఏమైతవే?"

"ఏమో అంటి గద, బాలలక్ష్మీ. నీకెరుకనా నువ్వేమైతవో?"

నాకు గూడ తెలియదు. కానీ నన్నెవ్వరూ తొందరపెడుతలేరు. ఆమెకు మరాఠీ దిక్కు భీవండి పట్నంల మేనబావ దేవదాస్ ఉన్నడు. పుట్టంగనే అనుకున్న సంబంధం. అక్కడ మరమగ్గాల మీద పని కుదురుకునేదాక లగ్గం ఆపిండ్రు. ఆ ఆగిన ఏండ్లలోనే ఐలవ్వ చదువు సాగింది. దేవదాస్ చెడ్డోడు కాదు. అదే కష్టం. చెడ్డోడైతే వద్దనటానికి ఒక సాకన్నా దొరుకు. యాభై ఐదుల, దీపావళి ముందట ఉత్తరం రాసిండు: ఉండటానికి ఖోలీ దొరికింది, ముహూర్తం చూడుండ్రి అని.

ఆ వారమే మా దుకాణంల బెల్లం కట్టే పాత పేపర్లు తిరగేస్తుంటే ఒక ప్రకటన కనబడ్డది. గ్రామసేవికలు కావలెను. ఏడవ తరగతి పాసై, జనవరి ఒకటి నాటికి పద్దెనిమిది ఏండ్లు నిండిన స్త్రీలు. హైదరాబాదులో ట్రైనింగు. కాగితం చించుకోని ఉరికిన. ఐలవ్వ రెండుసార్లు చదివింది. "గ్రామసేవిక అంటే ఏం జేస్తదే?" అన్నది.

"ఊర్లు తిరుగుతదట. సైకిల్ మీద."

"సైకిల్ మీదనా!" అని నవ్వింది. చానా రోజుల తర్వాత చూసిన ఆ నవ్వు.

పర్శరాములు కాక మగ్గం ఆపకుండనే ఇన్నడు. అంతా విని, "జనవరి ఒకటిలోపల పిలుపొస్తే పో బిడ్డా. రాకపోతే మాఘమాసంల లగ్గం. నడుమ ఇంకో మాట లేదు" అన్నడు.

దరఖాస్తుకు వయసు సర్టిఫికెట్ కావాలె. బడిల కొత్తగ వచ్చిన గుమస్తా రామచంద్రం రాసిచ్చిండు. బయటికొచ్చి చూసుకుంటే పుట్టిన తేదీ అక్టోబర్ 1938 అని ఉన్నది. అంటే జనవరికి పదిహేడే. ఐలవ్వ అక్కడికక్కడే వెనుకకు తిరిగింది.

"సారూ, నేను ముప్పై ఏడుల పుట్టిన. గీడ ముప్పై ఎనిమిది పడ్డది."

"ఫస్లీకి ఐదొందల తొంభై ఒకటి కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది. అగో, గోడ మీద రాసుంది చూడు."

"తొంభై కలుపాలె గావచ్చు సారూ."

"నువ్వు పుట్టంగనే కండ్లు తెరిచి క్యాలెండర్ చూసినవా?"

"నేను చూడలే. మౌల్వీ సాబ్ చూసిండు. ఒకపాలి రిజిస్టర్ తియ్యుండ్రి."

విసుక్కుంటనే తీసిండు. ఆయన వేలు పెట్టి ఉర్దూ కూడబలుక్కుంటుంటే, బల్లకు ఇవతల నిలబడ్డ ఐలవ్వ తలకిందుల అక్షరాలను గడగడ చదివేసింది. రామచంద్రం తలెత్తి చూసిండు. కానీ తొంభై ఎందుకు కలుపాల్నో ఆమె చెప్పలేకపోయింది. సత్తమ్మ చెప్పిన లెక్క ప్రకారం తనకు పద్దెనిమిది నిండినయని తెలుసు, అంతే.

"చూడు బిడ్డా, బడి మొత్తానికి ఒక్కటే లెక్క. ఇచ్చిన సర్టిఫికెట్ దిద్దితే నా నౌకరీ పోతది" అన్నడు. చివరికి రిజిస్టర్ల ఉన్న వరుసను ఉన్నదున్నట్టు ఉర్దూల ఆమెనే ఎత్తి రాసుకుంటే, కింద నకలు అని ముద్ర కొట్టిచ్చిండు. నకలు ఇస్తే ఏం పోతది అనుకున్నడేమో.

రెండు దినాలు ఐలవ్వ ఆ నకలు ముంగటేసుకోని లెక్కలు కట్టింది. మూడోనాడు పొద్దున పడుగు దగ్గర నేను పోయేసరికి కుంచె చేతుల పట్టుకోని అట్లనే నిలబడి ఉన్నది. వీధిల ఆనాడు రెండు పడుగులు పక్కపక్కన సాగదీసిండ్రు. ఒకటి వాళ్లది, ఒకటి పక్కింటోళ్లది. పక్కింటోళ్లది కొంచెం ముందుకెల్లి మొదలైంది.

"బాలలక్ష్మీ! దొరికిందే!" అని నా జబ్బ పట్టుకున్నది. గంజి చెయ్యి. నా రవికె ఖరాబైంది. "రెండు ఏండ్లు ఒక్కతాన మొదలు గావు గద! ఫస్లీ మూడు నెలల ముందుగల్ల షురూ అయితది. ఈ మూడు నెలలు..." అని పడుగు పక్కన అటూ ఇటూ నడిచి చూపెట్టింది. సత్తమ్మ చూసి, "ఆ పిల్లకేమన్న గాలి సోకిందా?" అన్నది.

డిసెంబరుల కరీంనగర్ రమ్మని కార్డు వచ్చింది. ఒక్క ఆడపిల్లను ఎట్ల పంపుతమని నన్ను తోడిచ్చిండ్రు. పెద్దమనిషిగ పర్శరాములు కాక గూడ వచ్చిండు. పాత బంగ్లాల ఇంటర్వ్యూ. లోపల ఒక అధికారిణి, ఒక షేర్వానీ తొడుక్కున్న పెద్ద సాబ్. మేము తలుపు దగ్గర నిలబడితే అన్నీ వినబడుతున్నయ్. చదువు, వంట, పసిపిల్లల పెంపకం అన్నీ అడిగిండ్రు. మంచిగనే చెప్పింది. చివరికి ఆ అధికారిణి సర్టిఫికెట్ తిప్పి చూసింది.

"నీకు పదిహేడేళ్లేనమ్మా. వచ్చే ఏడు రా."

"వచ్చే ఏడు నేను భీవండిల ఉంటనమ్మా."

"నేనేం చెయ్యను? కాగితం మీద ఉన్నదే కదా చూస్తాం."

నా పక్కన పర్శరాములు కాక నేల చూస్తుండు. ఐలవ్వ కుర్చీల నుంచి లేస్తదనుకున్న. లేవలేదు. రొండిన దోపుకున్న పొట్లం తీసి బల్ల మీద రెండు దారాలు పరిచింది, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. రెంటికీ పన్నెండేసి ముళ్లు. నకలు కాగితం పక్కన పెట్టింది.

"అమ్మా, ఎర్రది ఫస్లీ. ఆజర్‌తోని మొదలు. తెల్లది ఇంగ్లీషుది. జనవరితోని మొదలు. ఎర్రది మూడు ముళ్ల ముందట షురూ అయితది. పదమూడు వందల నలభై ఏడు మొదలైనప్పుడు ఇంగ్లీషుల ఇంకా ముప్పై ఏడే నడుస్తున్నది. మూడు ముళ్లు దాటినంకనే ముప్పై ఎనిమిది. అందుకే మొదటి మూడు నెలల్ల పుట్టినోళ్లకు తొంభై కలుపాలె, మిగిలినోళ్లకు తొంభై ఒకటి. నేను మొదటి ముడిలనే పుట్టిన."

అధికారిణి సాబ్ దిక్కు చూసింది. సాబ్ అద్దాలు పెట్టుకోని నకలు చదివిండు. ఒక ముడి పట్టుకున్నడు. "ఆజర్... దై... బహమన్..." పెదవులు కదుపుతుండు. రెండో ముడి మీద ఆయన వేలు ఆగిపోయింది.

"బేటీ, దై నెలకు ఎంత కలుపాలె?"

"దైకి గూడ తొంభయ్యే సాబ్."

"పక్కా?"

"పక్కా సాబ్. రెండో ముడే గద."

సాబ్ కుర్చీల ఎనుకకు ఒరిగిండు. "అరె, మారా గయా! నేను పుట్టింది దైల. నా సర్వీసు బుక్కుల తొంభై ఒకటి కలిపిండ్రు. ఈ పిల్ల లెక్క ఒప్పైతే నాకు పోయిన నెలనే యాభై ఐదు నిండినయ్, పించన్ల పోవాల్సింది. నేనిప్పుడు ఇంట్ల కూసోని హుక్కా తాగాల్సినోన్ని!"

అధికారిణి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఐలవ్వ పాపం భయపడ్డది. "పోనీ సాబ్, మీది అట్లనే ఉండనీయిండ్రి" అన్నది. దాంతోని గది మొత్తం పగలబడి నవ్వింది. బయట మేము గూడ నవ్వినం. పర్శరాములు కాకకు సంగతి సగమే అర్థమైనా కండ్లు తుడుచుకున్నడు.

సాబ్ కలం తీసి దరఖాస్తు అంచు మీద వయసు ఒప్పేనని నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టిండు. "ఉర్దూ ఏడ నేర్చినవ్?"

"మా బడిల సాబ్. ఇప్పుడు లేదు."

"నీ దగ్గర ఉన్నది గద, చాలు" అన్నడు. ఆ దారాలు నేనుంచుకుంట అని జేబుల ఏసుకున్నడు. ఆయన తన సర్వీసు బుక్కు దిద్దించుకున్నడో లేదో నాకు తెలియదు.

డిసెంబరు ఇరవై తొమ్మిదో తారీఖున పిలుపు కాగితం వచ్చింది. పర్శరాములు కాక నాతోని మూడుసార్లు చదివించుకున్నడు. మూడోసారి అయినంక పోయి మగ్గంల కూసున్నడు. ఆనాడు మగ్గం చప్పుడు వాడ చివరిదాక వినబడ్డది. సత్తమ్మ మాత్రం ఇల్లిల్లూ తిరిగింది: "నా బిడ్డ ఏనాడు పుట్టిందో నేనే చెప్పిన. సర్కారోళ్లు తప్పు రాసుకున్నరు. ఆఖరికి నా మాటే ఒప్పైంది సూడుండ్రి!" నెల దాటినంక రామచంద్రం సారు గోడ మీది లెక్క కింద, మొదటి మూడు నెలలకు తొంభై అని ఇంకో వరుస రాసిండని విన్నం. మేమే పోయి చూసి వచ్చినం. నిజమే. ఎర్ర సిరాతోని రాసిండు. దేవదాస్ దగ్గరికెల్లి జవాబు వచ్చింది: "మంచిగ చదువుమనుండ్రి." అందుకే అన్న, చెడ్డోడు కాదని.

ఐలవ్వ ఆసిఫాబాద్ దిక్కు ఊర్లల్ల పన్నెండేండ్లు తిరిగింది. అరవై ఎనిమిదిల నేను అక్కడ మా చుట్టాల పెండ్లికి పోయి ఆమెను చూసిన. నల్ల సైకిల్, క్యారియర్ మీద విత్తనాల సంచి. మరాఠీ కలిసిన మాటతోని ఒక ముసలవ్వను గదిమి, మనవరాలికి కోడిగుడ్డు తినిపించింది. ఆమె చేతి సంచిల ఒక మందపాటి నోటుబుక్కు. ఆ ఊర్లల్ల పుట్టిన ప్రతి పిల్ల తేదీ, ఆ పొద్దే రాసింది. అప్పుడే అడిగిన, గ్రామసేవిక కావాలనే పోయినవా, భీవండి పోవద్దని పోయినవా అని.

కాసేపు సైకిల్ పెడల్ తిప్పింది. "మా బాపు మగ్గం మీద కూసుంటే కాళ్లు కింద ఒక పని చేస్తుండె, చేతులు మీద ఒక పని చేస్తుండె. బట్ట ఒక్కటే గద వచ్చేది" అన్నది. ఇది జవాబే కావచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఏవి కాళ్లో ఏవి చేతులో తెలియదు.

ఇక ఆమె ఊరు విడిచిన పొద్దు. మా దిక్కు ఇల్లు కదిలేటోళ్లు పోత అనొద్దు. పోయొస్త అనాలె. ఆ మాట కోసమే నేను తెల్లారంగనే దుకాణం గడప మీద నిలబడ్డ. బస్సు మా దుకాణం ముంగటనే ఆగుతది. పర్శరాములు కాక అప్పటికే ఎక్కి కిటికీ పక్క జాగ పట్టిండు. ఐలవ్వ ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకోని వచ్చింది. సత్తమ్మ వెనుక నుంచి "పోయొస్త అను బిడ్డా, పోయొస్త అను" అంటనే ఉన్నది.

ఐలవ్వ నా ముంగట ఆగింది. పెట్టె దించలేదు. నెత్తి మీద బరువుంటే మెడ తిప్పరాదు. కండ్లు మాత్రం తిప్పి నా దిక్కు చూసింది. ఆమెకు అబద్ధం ఆడుడు చేతగాదని నాకు తెలుసు. మళ్ల వస్తదో రాదో ఆమెకు గూడ తెలియదు. పెదవులు విచ్చుకున్నయ్, మళ్ల మూసుకున్నయ్. డ్రైవర్ హారన్ కొట్టిండు.

పెట్టెను రెండు చేతుల గట్టిగ పట్టుకోని, ఐలవ్వ బస్సు దిక్కు ఉరికింది.